తోటలో స్కాండినేవియన్ తరహా గది: ముందు నీడ, తర్వాతే మిగతావి

ఏటా మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి హైదరాబాద్‌లో నిటారుగా పాతిన కర్రకు నీడ పడదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆగస్టు 3 ప్రాంతంలో మళ్లీ అంతే. నార్వే రాజధాని ఓస్లోలో డిసెంబర్ 21న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నేల అంచు నుంచి 7 డిగ్రీలకు మించి పైకి లేవడు. ఆ రోజు పగలు మొత్తం దాదాపు ఆరు గంటలే. చేవెళ్ల దగ్గరో, శంకర్‌పల్లి వైపో, వికారాబాద్ దారిలోనో ఉన్న మీ తోటలో స్కాండినేవియన్ (నార్వే, స్వీడన్, డెన్మార్క్ దేశాల) తరహాలో ఒక చిన్న గది కట్టుకోవాలని ఫోన్‌లో ఫొటోలు దాచుకుంటున్నారా? అయితే ఆ ఫొటోలకన్నా ముందు ఈ రెండు లెక్కలు చూడండి.

తెల్లని గోడలు, కింద నుంచి పైదాకా అద్దం, లేత రంగు పైన్ చెక్క. ఇవన్నీ అక్కడి వాళ్లు దొరికిన కాస్త వెలుతురును ఇంట్లో నిలుపుకోవడానికి పెట్టుకున్నవి. మనకు వెలుతురుకు కరువు లేదు, నీడకే కరువు. వాళ్లు వెలుతురు మీద ఎంత శ్రద్ధ పెట్టారో మనం నీడ మీద అంత శ్రద్ధ పెడితే, వాళ్ల పద్ధతి ఇక్కడ కూడా చక్కగా పనిచేస్తుంది. రంగులూ కుర్చీలూ మాత్రమే తెచ్చుకుంటే పనిచేయదు.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్న విషయం. మా నాన్న మామిడి తోటలో మొదటిసారి గది కట్టినప్పుడు, చెరువు మీద సూర్యాస్తమయం కనబడాలని పడమటి గోడంతా అద్దం పెట్టించాను. మా మేస్త్రీ అప్పుడే చెప్పాడు: "సార్, పడమర దిక్కు గింత అద్దం పెడ్తే పొయ్యిల కూసున్నట్టే." నేను వినలేదు. ఆ మేలో ఒక ఆదివారం నాలుగింటికి తాళం తీసి చూస్తే, బల్ల మీద స్టాండులో నిలబెట్టిన రెండు కొవ్వొత్తులూ నడుం విరిగినట్టు వంగి బల్లకు అంటుకుని ఉన్నాయి. వాటిని ఎవరూ వెలిగించలేదు. మరుసటి ఏడు అద్దం తీయించి గోడ కట్టించాను. మీకు ఆ ఖర్చు తప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ముందు కుర్చీ వేసుకుని కూర్చోండి

ప్లాన్ గీయించే ముందు, గది ఎక్కడ కట్టాలనుకుంటున్నారో అక్కడ నాలుగు కట్టెలు పాతి, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చోండి. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి. కనీసం ఒక్కసారి ఎండాకాలంలో, ఒక్కసారి వానాకాలంలో. ఎటు నుంచి గాలి వస్తోంది, ఎటు నుంచి వాన జల్లు కొడుతోంది, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, పక్క పొలం మోటారు చప్పుడు ఎంత వినిపిస్తోంది, దూరంగా ఫంక్షన్ హాల్ ఏమైనా ఉందా అన్నవి చూడండి. మన దగ్గర వానాకాలపు గాలి పడమర, నైరుతి వైపు నుంచి వస్తుంది. అంటే చల్లని గాలీ, మండే సాయంత్రపు ఎండా ఒకే దిక్కు నుంచి వస్తాయి. మీ గది రూపం సగం ఈ చిక్కుతోనే తేలుతుంది. పరిష్కారం కిటికీల దగ్గర చెబుతాను.

కాగితాల సంగతి క్లుప్తంగా. గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాటు అయితే అందులో ఇల్లు కట్టే అనుమతి వస్తుందో లేదో కొనకముందే తేల్చుకోండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టుపక్కల 84 గ్రామాల్లో ఉంటే, ఆ జలాశయాలను కాపాడటానికి కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో విషయంలో ఈ రోజుకు ఏ నిబంధన నడుస్తోందో లాయర్‌ను అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. అమ్మేవాళ్ల మాట మీద ఆధారపడవద్దు.

గుండును కదిలించకండి

నార్వేలో వాల్డాల్ అనే లోయలో యూవెట్ ల్యాండ్‌స్కేప్ హోటల్ ఉంది. ఈ తరహా విశ్రాంతి గృహాల గురించి ఎవరు మాట్లాడినా దాని పేరు వస్తుంది. యెన్సెన్, స్కోద్విన్ అనే ఆర్కిటెక్టుల సంస్థ గీసిన ఆ విడివిడి గదులను కట్టేటప్పుడు బండలు పేల్చలేదు, నేల చదును చేయలేదు. బండలో రంధ్రాలు వేసి, 40 మిల్లీమీటర్ల మందమున్న ఉక్కు కడ్డీలు దించి, వాటి మీద గదులను నిలబెట్టారు. రేపు ఆ గదులు తీసేస్తే నేల దాదాపు ఎప్పటిలాగే మిగులుతుంది.

ఇది మనకు సరిగ్గా అతికే పాఠం. మన దగ్గరి గ్రానైట్ గుండ్లు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి. సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు ఏళ్ల తరబడి వాటిని కాపాడమని అడుగుతూనే ఉన్నారు. అయినా ప్లాటులో గుండు కనబడగానే "తీసేద్దాం సార్, జాగా కలిసొస్తుంది" అనేవాళ్లే ఎక్కువ. తీయకండి. లక్షలు పోసినా అంత ప్రశాంతమైన వస్తువును మీరు ఆ తోటలోకి తేలేరు. గదిని గుండుకు తూర్పుగా కడితే సాయంత్రం దాని నీడ గది మీద పడుతుంది. కానీ ఎండలో కాగిన రాయి చీకటి పడ్డాక చాలాసేపు వేడి వదులుతుంది కాబట్టి గోడకూ గుండుకూ మధ్య ఆరేడు అడుగుల ఖాళీ ఉంచండి. పొద్దున కాఫీకి మాత్రం దాని పడమటి పక్కన, నీడలో, ఒక బండ వేసుకోండి.

గది చిన్నది, వసారా పెద్దది

నార్వే వాళ్లు హిట్టె అని, స్వీడన్ వాళ్లు సొమ్మార్‌స్తూగా అని పిలిచే సెలవుల ఇళ్లు సంప్రదాయంగా చాలా చిన్నవి. నిద్రకూ, చలి నుంచి తప్పించుకోవడానికీ గది. మిగతా రోజంతా బయటే. మన లెక్కలో పన్నెండు అడుగులు, పదహారు అడుగుల గది ఇద్దరికి ధారాళంగా సరిపోతుంది. దానికి ఆనుకుని ఎనిమిది అడుగుల వెడల్పు వసారా ఉండాలి. పాత పల్లెటూరి ఇళ్లలో అరుగు, వసారా, లోపలి గది అనే వరుస ఉండేది కదా, అదే. మనవాళ్లు పగలంతా బతికింది వసారాలోనే. బడ్జెట్ తగ్గించాల్సి వస్తే గదిని తగ్గించండి గానీ వసారా వెడల్పును ముట్టుకోకండి. నాలుగడుగుల వసారాలో నడవడమే కుదురుతుంది. మంచం వేసి, పక్కన మనిషి కూర్చోవాలంటే ఎనిమిది కావాలి.

వసారా తూర్పుకో ఉత్తరానికో ఉండాలి.

కిటికీ ఏ దిక్కు, సజ్జ ఎంత

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, మొత్తం గది బాగోగులు దీని మీదే ఉన్నాయి.

పెద్ద కిటికీ ఒక్కటే పెట్టుకోండి. మీకు బాగా నచ్చిన చూపు ఎటుందో చూసి, అది ఉత్తరమో తూర్పో అయితే సందేహించకుండా అక్కడ పెట్టండి. దక్షిణమైనా ఫర్వాలేదు, సజ్జతో ఎండను ఆపవచ్చు. దక్షిణపు ఎండ లెక్క సులువు. డిసెంబర్ 21న మధ్యాహ్నం హైదరాబాద్‌లో సూర్యుడి ఎత్తు 49 డిగ్రీలు. మార్చి 21కి అది దాదాపు 73 డిగ్రీలు. మూడడుగుల సజ్జ వేస్తే డిసెంబర్ మధ్యాహ్నం దాని కింద మూడున్నర అడుగుల దాకానే నీడ పడుతుంది, కిటికీ అడుగు భాగం నుంచి చలికాలపు వెచ్చని ఎండ లోపలికి వస్తుంది. మార్చి వచ్చేసరికి అదే సజ్జ నీడ తొమ్మిదిన్నర అడుగులు దిగుతుంది, అంటే గోడంతా నీడలో ఉంటుంది. చలిలో ఎండ, ఎండలో నీడ, ఒక్క సజ్జతోనే. మేస్త్రీలు అలవాటుగా ఒకటిన్నర అడుగు పోసేస్తారు. సెంట్రింగ్ కొట్టేటప్పుడు దగ్గరుండి టేపు పెట్టి చూసుకోండి.

ఉత్తరానికి కూడా రెండడుగుల సజ్జ వేయండి. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడన్న సంగతి చాలామంది మరచిపోతారు.

పడమరకు ఏ సజ్జా పనిచేయదు. నాలుగున్నరకు ఎండ ఎదురుగా, పక్కవాటుగా వస్తుంది. అందుకే ఆ గోడ వైపు బాత్రూమ్, సామాన్ల అర పెట్టండి. ఎండ వాటిని కాలుస్తుంది, మీ మంచం దాకా రాదు. ఇందాకటి గాలి చిక్కుకు ఇదీ దారి: పడమటి గోడలోనే ఎత్తున రెండు చిన్న కిటికీలు, అద్దం లేకుండా చెక్క తలుపులతో. పగలు మూసి ఉంచాలి, పొద్దువాలాక తెరవాలి. ఎదురుగా తూర్పు కిటికీ కూడా తెరిస్తే గాలి గది మొత్తం దాటి పోతుంది. ఏప్రిల్ నెలలో కూడా రాత్రి తొమ్మిది దాటాక చాలాసార్లు ఫ్యాన్ అవసరం పడదు. వెదురు తడికలు బయటి వైపు కట్టండి. లోపల కర్టెన్ వేస్తే ఎండ అప్పటికే అద్దం దాటి వేడి లోపలికి వచ్చేసినట్టే.

తెల్ల రంగు ఎక్కడ వేయాలి

పైకప్పు మీద. మన గదిని అన్నిటికన్నా ఎక్కువ కాల్చేది నడినెత్తి ఎండే, అది పడేది కప్పు మీదే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చిందీ అందుకే. కప్పు మీద సున్నం గానీ, కూల్ రూఫ్ పెయింట్ గానీ, తెల్ల టైల్ ముక్కలు పరిచే చైనా మొజాయిక్ గానీ వేయించండి. సున్నం అయితే ఏటా ఎండలకు ముందు మళ్లీ కొట్టాలి. చైనా మొజాయిక్ ఖర్చు ఎక్కువే కానీ ఏళ్ల తరబడి చూడనక్కర్లేదు. రేకుల కప్పు వేయాల్సి వస్తే కింద ఇన్సులేషన్ తప్పనిసరి. లేదంటే పగలు వేడి, వానలో మోత.

లోపలి గోడలు మాత్రం అచ్చ తెలుపు వద్దు. ఇక్కడ యూవెట్‌నే మళ్లీ గుర్తు చేయాలి. అక్కడి గదుల్లో లోపలి చెక్కకు నల్ల రంగు కలిపిన నూనె పూశారు. లోపల వెలుతురు ఎక్కువైతే అద్దంలో మన గదే ప్రతిబింబిస్తుంది. లోపల కాస్త చీకటిగా ఉంటే కళ్లు వాటంతటవే బయటి చెట్టు మీదికి పోతాయి. కొండలూ అడవీ చూడటానికి కట్టిన గది కాబట్టి స్కాండినేవియా వాళ్లే తమ తెలుపును పక్కన పెట్టారు.

మనం నల్లగా పూయనక్కర్లేదు. సున్నంలో కాస్త ఎర్రమట్టి రంగో పసుపు మట్టి రంగో కలిపి వేస్తే గోడ నీడలో చల్లగా కనిపిస్తుంది, ఎండలో కళ్లు మిరుమిట్లు గొలపదు. అయితే ఇటుక గోడకు సిమెంట్ ప్లాస్టర్ మీద సున్నం పట్టు తక్కువగా ఉంటుంది. కుదిరితే ప్లాస్టరింగ్ కూడా సున్నంతోనే చేయించండి. సున్నపు పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు, పాత గుడులూ హవేలీలూ బాగుచేసే చోట అడిగితే దొరుకుతారు.

నేలకు తాండూరు బండలు. వికారాబాద్ జిల్లాలోనే దొరికే రాయి, మీ తోటకు లారీ కిరాయి కూడా తక్కువే. లేత నీలం బూడిద రంగు బండలను పాలిష్ చేయించకుండా, అరిగిన నునుపుతో వేయించండి. మేలో మధ్యాహ్నం ఆ బండ మీద వట్టి కాళ్లతో నడిస్తే, చెక్క ఫ్లోరింగ్ మీద ఎప్పుడూ రాని హాయి తెలుస్తుంది. పైన్ చెక్క జోలికి పోవద్దు, మన చెదలకు అది విందు. తలుపులకూ బల్లకూ పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు దూలాలు కొని కోయించుకోండి. మేకుల రంధ్రాలు ఉంటాయి, ఉండనివ్వండి.

లోపల ఏం పెట్టాలి

స్వీడన్‌లో పుట్టిన ఫర్నిచర్ సంస్థ ఐకియా భారతదేశంలో తన మొదటి స్టోర్ పెట్టింది మన హైదరాబాద్‌లోనే, 2018 ఆగస్టులో. అందుకే స్కాండినేవియన్ అనగానే మనకు హైటెక్ సిటీ ట్రాలీ గుర్తొస్తుంది. నా మాట వినండి, గది పూర్తయిన మొదటి నెల ఏమీ కొనకండి. ఒక చాప, రెండు దిండ్లు, ఒక కూజా, ఒక బల్బుతో రెండు వారాంతాలు గడపండి. నిజంగా ఏది లేక ఇబ్బంది పడ్డారో రాసుకోండి. మా ఇంట్లో ఆ లిస్టులో తేలినవి మూడే: తడి టవల్ ఆరేసే చోటు, ఫోన్ చార్జింగ్ పెట్టుకునే చోటు, రాత్రి లేచినప్పుడు కాలికి తగలని చోట చెంబు.

బట్టలకు బీరువా వద్దు, చిలక్కొయ్యలు చాలు. మా నాయనమ్మ ఇంట్లో నడవ గోడ పొడవునా అవి ఉండేవి. తాతయ్య కండువా, గొడుగు, లాంతరు, సంచి ఒక్కోదానికీ ఒక్కో కొయ్య. ఏ వస్తువు లేకపోయినా ఖాళీ కొయ్య చూసి "తాత బయటికి పోయిండు" అని చెప్పేసేవాళ్లం. మీ గదిలో ఆరు చిలక్కొయ్యలు పెట్టి, వాటికి పట్టినన్ని సామాన్లే తెచ్చుకోవాలని నియమం పెట్టుకోండి. పుస్తకాలకు, దీపానికి గోడలోనే గూళ్లు వదలమని మేస్త్రీకి ముందే చెప్పండి, తర్వాత గోడ పగలగొట్టడం కష్టం.

డెన్మార్క్‌కు చెందిన హాన్స్ వెగ్నర్ 1949లో గీసిన కుర్చీ ఒకటి ప్రపంచమంతా పేరు పొందింది. దాని సీటు కాగితాన్ని పేనిన తాడుతో చేతితో అల్లుతారు, ఒక్క సీటుకు దాదాపు 120 మీటర్ల తాడు పడుతుంది. ఆ అల్లిక చూసినప్పుడల్లా నాకు నులక మంచమే గుర్తొస్తుంది. కింద నుంచి గాలి ఆడే పడక, పగలు నిలబెడితే జాగా ఖాళీ, వదులైతే కాళ్ల వైపు తాడు బిగించుకుంటే సరి. వసారాలో అదే వేయండి. నైలాన్ పట్టీ కాకుండా అసలు నులకతో అల్లించండి. నేల మీదకు వరంగల్ జంపఖానా ఒకటి, రెండు రంగులకు మించనిది. పరుపు మీద రంగు వేయని చేనేత దుప్పటి. అంతే. గోడకు ఫొటోలు, బుద్ధుడి బొమ్మ, "రిలాక్స్" అని రాసిన బోర్డు ఏదీ అక్కర్లేదు, కిటికీ ఉంది.

పొద్దుగూకాక

డానిష్ డిజైనర్ పౌల్ హెన్నింగ్‌సెన్ 1920లలోనే దీపాల మీద పట్టుదలగా పనిచేశాడు. బల్బు నేరుగా కంటికి కనబడకూడదు, వెలుతురు రేకుల మీద పడి మెత్తబడి రావాలి అన్నది ఆయన పద్ధతి. మనం చేయాల్సింది కూడా అదే. పైకప్పు మధ్యలో ట్యూబ్‌లైట్ వద్దు. కూర్చుంటే భుజం ఎత్తుకు వచ్చేలా రెండు మూడు చోట్ల చిన్న దీపాలు పెట్టండి. బల్బు డబ్బా మీద 2700కె అని ఉన్నవి తీసుకోండి, పసుపు ఛాయ వెలుతురు ఇస్తాయి. 6500కె అంటే ఆఫీసు తెలుపు. వసారా దీపం మీద మట్టి కుండో వెదురు బుట్టో బోర్లించి కిందికి మాత్రమే వెలుతురు పడేలా చేస్తే పురుగులూ తగ్గుతాయి, ఆకాశమూ కనిపిస్తుంది. నగరం వెలుగు తూర్పున ఎర్రగా కనబడుతూనే ఉంటుంది, కానీ అనంతగిరి దగ్గరికి వెళ్లే కొద్దీ చుక్కలు పెరుగుతాయి.

ఫైర్‌ప్లేస్ కట్టించవద్దు. మన డిసెంబర్ చలికి ఆరుబయట చలిమంట చాలు.

దోమలు, పాములు

ఫొటోల్లో ఇవి ఉండవు. ప్రతి కిటికీకీ స్టీల్ మెష్ వేయించండి, ప్లాస్టిక్ జాలీని ఎలుకలు కొరికేస్తాయి. గది పునాది నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తు ఉండాలి. తలుపు కింద సందు లేకుండా రబ్బరు పట్టీ కొట్టించాలి. గది చుట్టూ పదడుగుల దాకా గడ్డి పెరగనివ్వకండి, రాళ్ల కుప్పలూ కట్టెల మోపులూ గోడకు ఆనించకండి, తేళ్లు చేరతాయి. చెప్పులు దులిపి వేసుకోవడం పిల్లలకు మొదటి రోజే నేర్పండి. దగ్గర్లో పాము కాటుకు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని, ఆ నంబర్ తలుపు వెనక రాసి పెట్టండి.

అక్కడ ఎలా ఉండాలి

నార్వే వాళ్లకు ఫ్రీలుఫ్ట్స్‌లివ్ అనే మాట ఉంది. విడదీస్తే స్వేచ్ఛ, గాలి, జీవితం. వాన పడినా మంచు పడినా ప్రత్యేకమైన పనేమీ లేకుండా బయట తిరగడం, ఉండటం. సాగులో లేని నేల ఎవరిదైనా దాని మీద నడిచే హక్కుకు 1957లో చట్టం కూడా చేసుకున్నారు. మనకు ఇది కొత్తేమీ కాదు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనం అంటే ఇదే కదా: ఇంట్లో వండుకున్నదే తీసుకుపోయి, చెట్టు కింద విస్తర్లు వేసుకుని తినడం. ఎక్కడ తప్పిపోయిందంటే, ఇప్పుడు ఫామ్‌హౌస్ అంటే దావత్ అయింది. పెద్ద స్పీకర్లు, తెల్లవారే దాకా పాటలు. చెట్ల మీది పిట్టలకూ, పక్క పొలంలో కాపలా పడుకున్న రైతుకూ నిద్ర ఉండదు. స్నేహితులను తప్పకుండా పిలవండి, స్పీకర్ మాత్రం ఇంట్లోనే వదిలి రమ్మనండి.

మొదటిసారి వెళ్లినప్పుడు శుక్రవారం రాత్రే చేరుకోండి, శనివారం పొద్దున ట్రాఫిక్‌లో మూడు గంటలు పోతే ఆ టెన్షన్ మధ్యాహ్నం దాకా వదలదు. ఫోన్ గూట్లో పెట్టేయండి. తెల్లారి ఐదున్నరకు వసారాలో కూర్చుంటే మొదట కోడి, తర్వాత నెమలి, తర్వాత పాల క్యాను తీసుకుపోయే బండి వినిపిస్తాయి. కరెంటు తీగ మీద పాలపిట్ట వాలుతుంది. కూర్చున్నప్పుడు బూడిద రంగు పిట్టలా ఉంటుంది, ఎగిరినప్పుడు రెక్కల్లో నీలం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఆ ఒక్క క్షణం కోసం గదిలో మరే రంగూ లేకపోయినా సరిపోతుందని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

ఈ ఏడాది డబ్బు లేకపోతే

గది తర్వాత కట్టుకోవచ్చు, చెట్టు మాత్రం ఈ వానకే నాటండి. గది రాబోయే చోటుకు పడమరగా, గోడ నుంచి పదిహేను అడుగుల దూరంలో, వరుసగా మూడు. వేప గానీ కానుగ గానీ. రెండూ ఎండలు ముదిరేలోపే పాత ఆకు రాల్చి కొత్త ఆకు తొడుక్కుంటాయి, మేలో నిండుగా ఉంటాయి. ఫామ్ ప్లాట్లలో వరుసలుగా నాటి ఇచ్చే టేకును నమ్ముకోకండి, నీడ కావలసిన నడి ఎండాకాలంలో అది ఆకు రాల్చి నిలబడుతుంది. సీతాఫలమూ అంతే, పండుకు మంచిది, నీడకు పనికిరాదు. జూన్‌లో రెండు మంచి వానలు పడి నేల లోపలి దాకా తడిశాక రెండడుగుల గుంత తీసి నాటండి. మేకలకు అందకుండా ముళ్లకంప కట్టండి. మొదటి రెండు ఎండాకాలాలు వారానికి రెండుసార్లు నీళ్లు పోయాలి. మీరు వెళ్లలేని వారాల కోసం, అడుగున చిన్న చిల్లు పెట్టి వత్తి దూర్చిన మట్టి కుండను మొక్క పక్కన పాతి నీళ్లు నింపి పోండి, నాలుగైదు రోజులు బొట్టు బొట్టుగా తడుపుతుంది.